గోడమీది ఊరు

మా నడవలో గడియారం కింద ఒక పటం ఉన్నది. వచ్చినవారు దేవుడి పటమనుకొని చేతులు జోడించబోతారు. దగ్గరకు పోయి చూస్తే ఊరు! జర్మనీ దేశంలో మైన్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్టు పట్టణాన్ని, ఆకాశాన తిరిగే గద్ద కంటికి కనబడినట్లు, 1628లో రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన చిత్రమది.

పంపినవాడు మా రెండవవాడు. మూడేళ్లలో తిరిగి వస్తానని ఆ ఊరికి ఉద్యోగానికి వెళ్లినవాడు, ఇక అక్కడే ఉంటాననీ, ఇల్లు కూడా కొంటున్నాననీ ఫోనులో చెప్పాడు. ఆ తరువాత నెలకు తపాలాలో ఈ చుట్ట వచ్చినది. మాకు కోపం. విప్పనైనా విప్పక బీరువా మీద పడవేశాము. ఎనిమిది నెలలు అక్కడే బూజు పట్టినది. ఉగాదికి సున్నాలు వేయిస్తూంటే పనివాడి చేయి తగిలి కింద పడి మూత ఊడిపోయినది కాబట్టి చూశాము గాని, లేకపోతే ఇప్పటికీ చూసి ఉండము.

చూశాము సరే, ఆ పూట వంట ఆలస్యమైనది. మాలో ఒకరికి చదువు ఉన్నది, రెండవవారికి చూపు ఉన్నది. ఒకరు పేర్లు కూడబలుక్కుంటే ఒకరు కిటికీలు లెక్కపెట్టారు. ఊరి చుట్టూ కోటగోడ, గోడ వెలుపల తోటలు, నది మీద రాతి వంతెన, దాని రెండు చివరలా కావలి బురుజులు. ఇళ్లు ఒకదానినొకటి ఒరుసుకొని, తిరునాళ్లలో జనం నిలబడినట్లు నిలబడి ఉన్నవి.

దీనిని చెక్కినవాడు మత్తేయస్ మేరియన్. ఆయనదీ ఆ ఊరు కాదు. స్విట్జర్లాండులోని బాసెల్‌లో 1593లో పుట్టాడు. ఫ్రాంక్‌ఫర్టు ప్రాంతంలో పుస్తకాలూ చిత్రాలూ అచ్చువేసే ద బ్రీ వారి పిల్లను పెండ్లాడాడు. 1623లో మామగారు పోగా ఆ వ్యాపారం అల్లుడి చేతికి వచ్చినది. ఒక విధంగా ఇల్లరికమే అనుకోండి. పుట్టి పెరిగినవారెవరూ చూడనంత శ్రద్ధగా ఆ ఊరిని వచ్చినవాడు చూశాడు.

ఎట్లా చూశాడన్నదే వింత. మనిషి బెలూనులో గాలిలోకి లేచినది 1783లో. అంతకు నూటయాభై ఏళ్ల ముందు గద్దచూపు ఎక్కడిది? వీధి వీధీ కొలుచుకోవాలి, గోపురాలెక్కి చూడాలి, నేలపటం గీసుకొని దానిమీద ఒక్కొక్క ఇంటినీ లేవనెత్తాలి. చెక్కడమేమో తలక్రిందుల పని. రేకు మీద కుడి ఎడమగా, ఎడమ కుడిగా, అక్షరాలు అద్దంలో మాదిరిగా చెక్కాలి. సిరా పూసి గుడ్డతో తుడిచివేస్తే గాడిలో మిగిలినది మాత్రమే తడి కాగితానికి ఎక్కుతుంది. అసలు ప్రతి అయితే చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం వేలికి తగులుతుందట. మాదానికి తగలదు. అసలుది కొనే తాహతు వాడికి లేదు, వాడు పంపినది ఈ కాలపు పునర్ముద్రణ. ఈ సంగతి బంధువులకు చెప్పలేదు, ఇక్కడ చెప్పినాము.

పోయిన ఏడు అక్కడికి వెళ్లాము. పటం నకలు మడిచి సంచిలో పెట్టుకొన్నాము. విమానాశ్రయానికి వచ్చినవాడు దారంతా ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. మరునాడు వంతెన మీద నిలబడి, "అమ్మా, నాన్నా, ఇంకా కోపమేనా?" అన్నాడు.

"పటంలో ఆ పెద్ద గుడి గోపురం బోడిగా ఉన్నదే, ఇక్కడ మొన తేలి ఉన్నదేమిరా?" అన్నాము.

వాడు నవ్వి చెప్పాడు. ఆ గోపురం పని 1514లో సగంలో ఆగినదట. 1867లో గుడి కాలిపోయిన తరువాతనే పాత నమూనా తీసి పూర్తి చేశారట. కోటగోడలను పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పడగొట్టి తోటలు వేశారు. 1428 నాటి ఎషెన్‌హైమర్ బురుజు మాత్రం మిగిలి ఉన్నది. దానిని పటంలో వెతికి పట్టుకొన్నప్పుడు మాకు చుట్టం కనబడినంత సంతోషమైనది. పాత ఊరు చాలావరకు 1944 మార్చిలో బాంబులకు కాలిపోయినది. 2018 నాటికి గుడి పక్కన ముప్పైఅయిదు ఇళ్లు కట్టారు, అందులో పదిహేను పాతవాటి మాదిరిగానే. చక్కగా ఉన్నవి, కాని మరీ శుభ్రంగా ఉన్నవి. మేరియన్ పటంలో ఉన్న ఇరుకు వాటిలో లేదు.

వాడి ఇల్లు నదికి ఇవతల, సాక్సెన్‌హౌజెన్‌లో. పటంలో చూసేవారికి దగ్గరగా ఉన్న ఒడ్డు అదే. మూడవ అంతస్తులో రెండు గదులు. వంటింట్లో మా ఆవకాయ జాడీ ఉన్నది. కిటికీలో తులసి మొక్క వేశాడు, చలికి చచ్చిపోతే మళ్లీ వేశాడట.

మా తాతల నాడు కర్నూలు వైపునుంచి బండికట్టుకొని బెంగుళూరు వచ్చిన మావాళ్లు వెనుక ఎవరిని ఏడిపించి వచ్చారో మాకెవరూ చెప్పలేదు. వారు వదలి వచ్చిన ఇంటికి పటం లేదు.

తిరిగి వచ్చి పటానికి అద్దం కట్టించాము. వారంలో ఒకనాడు తుడుస్తాము. అద్దమంతా తళతళలాడుతుంది గాని, నదికి ఇవతలి ఒడ్డున ఒక్కచోట రెండు రోజులకే వేలిముద్రలు పడి మసకబారుతుంది. నీవంటే నీవని మాలో మేము తగవులాడుకొని, మళ్లీ తుడుస్తాము.