చింతపల్లికి ముందు

మన్యం పితూరీ మీద ఒక నవల రాయాలని నా కోరిక. బడి అయ్యాక రాత్రిళ్లు అధ్యాయాల వరుస వేసుకుంటున్నాను.

అందరికీ తెలిసిన ఘట్టం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌ మీద దాడి. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! కానీ అక్కడే మొదలుపెడితే మనవాళ్లు అల్లూరి సీతారామరాజు వెనుక నడిచే పేరులేని గుంపుగానే మిగిలిపోతారు.

నవలలో కథ పైకి ఎక్కడమంటే సంఘటనలు పెద్దవి కావడం కాదు, పాత్రకు ఉన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోవడం. నా పాత్ర ఒక పోడు రైతు. మొదట అటవీ చట్టం అతని పోడును ఆపేస్తుంది. సరే, కూలికి పోదామనుకుంటాడు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వేయిస్తున్న రోడ్డు పనిలో ఒళ్లు హూనమవుతుంది, కూలి మాత్రం సరిగా దక్కదు. ఊరి పెద్దకు మొర పెట్టుకుందామంటే, గాం గంటందొర పదవే ఊడిపోయింది. ఇక ఎవరి గుమ్మం తొక్కాలి? అప్పుడొస్తుంది చింతపల్లి. విల్లు పట్టడం సాహసంగా కాక, మిగిలిన ఒకే దారిగా పాఠకుడికి తెలుస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊరి పెద్దలను పోరాటం ఎలా జరిగిందని మాత్రమే అడగకండి. అంతకుముందు ఏమేం పోయాయో అడగండి. రాసేటప్పుడు ప్రతి అధ్యాయం కింద ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఏ దారి మూసుకుపోయింది? జవాబు లేకపోతే కథ ఉన్నచోటే నిలబడిపోయినట్టు.