జోగుకు ఎప్పుడు పోదాం?

మా ఇంట్లో మూడు నెలలుగా జోగు ప్రయాణం నడుస్తోంది. బండి ఇంకా షెడ్డు దాటలేదు, ఒక్క సంచీ సర్దలేదు, అయినా ప్రయాణం మాత్రం నడుస్తూనే ఉంది. పొద్దున కాఫీల దగ్గర హోస్పేట దాకా వెళ్తాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర శివమొగ్గ చేరతాం. రాత్రి మా వారు వార్తలు పెట్టుకునే వేళకు మళ్లీ మహబూబ్‌నగర్‌లోనే తేలతాం. మీ ఇళ్లలోనూ ఇలాంటి ప్రయాణాలు జరుగుతూనే ఉంటాయి కనుక ఎక్కువ వివరించనక్కరలేదు.

జోగు తెలియని వాళ్లకు నాలుగు మాటలు. కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో, శరావతి నది 830 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా లోయలోకి దూకే చోటు అది. నాలుగు పాయలుగా పడుతుంది. నిటారుగా దిగేది రాజా. హోరుమంటూ వచ్చి సగం దారిలో దానితో కలిసేది రోరర్. తారాజువ్వల్లా నీళ్లు చిమ్మేది రాకెట్. రాతి మీద నురగలు నురగలుగా జారుతూ వచ్చేది రాణి. ఈ పేర్లు పెట్టిన వాడెవడో గానీ, రాజుగారి పక్కన రాణిగారిని నిలబెట్టకుండా మధ్యలో ఇద్దరు అల్లరివాళ్లను పెట్టాడు. సంసారం తెలిసినవాడే కాబోలు!

ఈ జోగు కోరిక నాది కాదు, మా వారిదీ కాదు. మా అత్తమ్మది. ఆవిడకిప్పుడు ఎనభైకి దగ్గర. మా మామగారు మక్తల్ వైపు బళ్లలో భూగోళం చెప్పేవారు. బోర్డు మీద సుద్దముక్కతో జోగు నాలుగు పాయలనూ ఎంత బాగా గీసేవారో ఇప్పటికీ ఆయన శిష్యులు ఎదురుపడితే చెబుతారు. పెళ్లయిన కొత్తలో అదే బొమ్మ ఇంటి అరుగు మీద అత్తమ్మకు గీసి చూపించి, "దసరా సెలవులకు పోదం" అన్నారట. ఆ తర్వాత ఎన్ని దసరాలు వచ్చాయో మీరే లెక్కవేసుకోండి. ఒక ఏడు బోరు, ఒక ఏడు ఆడబిడ్డ పెళ్లి, ఒక ఏడు కరువు, ఒక ఏడు పిల్లల ఫీజులు. మామగారు పోయి కూడా చాలా ఏళ్లయింది. అత్తమ్మ మాత్రం ఆ మాట నోరెత్తి ఎవరినీ అడిగింది లేదు. టీవీలో ఎక్కడైనా జలపాతం కనిపిస్తే, చేతిలో చిక్కుడుకాయ పక్కనపెట్టి చూసేది. అంతే.

మొన్న వేసవిలో పాత ట్రంకుపెట్టె దులుపుతుంటే మామగారి నోటుబుక్కు ఒకటి దొరికింది. అందులో ఒక పేజీ నిండా జోగు ప్రయాణం! కృష్ణ స్టేషన్‌లో రైలెక్కి గుంతకల్లు, హుబ్లి, బీరూరు, శివమొగ్గ, చివరికి తాళగుప్ప. అక్కణ్నుంచి బస్సు. ఎక్కడ దిగాలి, ఎక్కడ భోజనం, ఏ సత్రంలో పడుకోవాలి అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. ఇద్దరికీ కలిపి ఖర్చు 185 రూపాయలని కింద గీత గీసి కూడిక వేశారు. ఆ కూడిక కింద మాత్రం అక్షరం కాస్త వంకర పోయింది: "బోరు పడినాక."

ఆ పేజీ మా వారికి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. సాయంత్రానికి మాత్రం కళ్లజోడు పెట్టుకుని ఫోనులో మ్యాపు తెరిచి కూర్చున్నారు. ప్రయాణం అలా మొదలైంది.

"పక్క రాష్ట్రమా? ఆ వయసులో అంత దూరమా?" అని మా వదిన ఫోనులో ఆశ్చర్యపోయింది. పక్క రాష్ట్రం అన్న మాటకు అత్తమ్మ నవ్వింది. ఆవిడ పుట్టిల్లు కృష్ణకు అవతల, దేవసూగూరు దగ్గర పల్లె. ఆవిడ పుట్టినప్పుడు ఏరుకు ఇవతలా హైదరాబాదు రాజ్యమే, అవతలా హైదరాబాదు రాజ్యమే. రాయచూరు మన జిల్లాల్లో ఒకటి. గద్వాల, అలంపురం అప్పట్లో ఆ రాయచూరు జిల్లాలోనే ఉండేవి. 1956 నవంబరు 1న ఏరు మధ్యలో గీత పడింది. గద్వాల, అలంపురం ఇటు వచ్చాయి, రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. 1973లో ఆ మైసూరు కర్ణాటక అయింది. 2014లో ఇటువైపు తెలంగాణ అయింది. 2019లో మక్తల్ వాళ్లం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నారాయణపేట జిల్లాలోకి వెళ్లాం. "నేను ఏడికీ పోలే బిడ్డా. సర్కార్లే నా సుట్టూ తిరిగినయి" అంటుంది అత్తమ్మ. పుట్టింటి నుంచి అత్తింటికి ఎడ్లబండిలో, పుట్టెడు కన్నడంతో వచ్చిన మనిషి. ఇప్పటికీ లెక్క గట్టిగా పెట్టాలంటే వొందు, ఎరడు, మూరు అంటుంది.

ఆ మాటకొస్తే మా ముగ్గురి ఊళ్లూ ఒకే రోడ్డు మీద ఉన్నాయని మొన్న మ్యాపు చూశాకే గమనించాం. నా పుట్టిల్లు మిర్యాలగూడ. కోదాడ నుంచి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా కృష్ణ దాటి రాయచూరు వెళ్లే 167 నంబరు జాతీయ రహదారి ఒకటే మమ్మల్ని దారంలా గుచ్చింది.

జలపాతమంటే నాకు చిన్నప్పుడు ఎత్తిపోతలే. నల్లగొండ జిల్లా పిల్లలం నాగార్జునసాగర్‌కు విహారయాత్రకు వెళ్తే, డ్యాం చూపించి, పులిహోర పొట్లాలు పంచి, అట్నుంచి ఎత్తిపోతలకు తీసుకెళ్లేవారు. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల మీంచి పడుతుంటే అంతకన్నా పెద్ద నీళ్లు లోకంలో ఉండవనుకున్నాం. అదీ 2014 తర్వాత పక్క రాష్ట్రమే అయింది. ఏరు దాటడం మాకు కొత్త కాదు లెండి.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. నానమ్మ జోగు సంగతి విని వాళ్లు నయాగరా వెళ్లినప్పటి ఫోటోలు పంపింది. అసలు అందం కెనడా వైపు నుంచి చూస్తేనేనట. దానికి వేరే వీసా కావాలి, వీళ్లకు లేక ఇటునుంచే చూసి వచ్చేశారు. అత్తమ్మ ఫోటో దగ్గరగా పెట్టుకుని, "ఎంత ఎత్తు?" అని అడిగింది. రెండువందల అడుగులు కూడా లేదన్నాను. "మన జోగుల నాలుగోవంతు లేదు" అని ఫోను తిరిగి ఇచ్చేసింది. భూగోళం మాస్టారి భార్య మరి!

ఇక మా వారి ప్రణాళిక. మగవాళ్ల ప్రణాళికల్లో ఒక మంత్రం ఉంటుంది: "ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం కదా." ఎలాగూ రాయచూరు వెళ్తున్నాం కదా, మంత్రాలయం చూడకపోతే ఎలా? ఎలాగూ హోస్పేటలో పడుకుంటున్నాం కదా, హంపీ? సాగర దాకా వెళ్లి ఇక్కేరి, కెళది గుళ్లు వదిలేస్తామా? ఘాటు దిగితే సముద్రమే, గోకర్ణం, మురుడేశ్వరం. ఇంకాస్త దిగితే ఉడుపి. వారం తిరిగేసరికి పట్టికలో పద్నాలుగు ఊళ్లు చేరాయి. జోగుకు మిగిలింది పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా, ఒక గంట. కెళది విషయంలో నాకూ ఆశ లేకపోలేదు. శివాజీ కొడుకు రాజారాముడికి ఆశ్రయమిచ్చిన చెన్నమ్మ రాణి ఏలిన చోటది. అయినా ఎర్ర పెన్ను తీసుకుని పన్నెండు ఊళ్లు కొట్టేశాను. వెళ్లేటప్పుడు హోస్పేటలో ఒక రాత్రి, తర్వాత సాగరలో రెండు రాత్రులు. సాగర నుంచి జోగు ముప్పై కిలోమీటర్లే. మొత్తం పోను దారి ఆరువందల కిలోమీటర్లకు కాస్త అటూఇటూ.

ఎలా వెళ్లాలన్నది తేలింది. ఎప్పుడన్నదే తేలలేదు.

జోగులో నీళ్లు దేవుడి చేతిలో సగం, డ్యాం చేతిలో సగం. 1948లోనే అక్కడ కరెంటు తీయడం మొదలుపెట్టారు. 1964లో పైన లింగనమక్కి డ్యాం పూర్తయింది. ఆ నీళ్ల కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. మునగడమంటే ఏమిటో శ్రీశైలం వెనకనీళ్లు చూసిన మా పాలమూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కరలేదు. అప్పటి నుంచి శరావతి ఎప్పుడంటే అప్పుడు దూకదు. వానాకాలంలో, అందులోనూ డ్యాం నిండి గేట్లెత్తితే, అప్పుడు చూడాలి జోగును. సంక్రాంతి నాటికి ఆ నాలుగు పాయలూ బండ మీద ఆరేసిన నూలుపోగుల్లా సన్నబడిపోతాయి.

మా అబ్బాయికి సెలవు దొరికేది ఆ సంక్రాంతికే. "జనవరిలో అయితే నేను డ్రైవ్ చేస్తానమ్మా. వాన ఉండదు, బురద ఉండదు, నానమ్మకు సుఖం" అన్నాడు. న్యాయంగానే ఉంది. మా వారికీ నచ్చింది. కోడలు అప్పుడే గదులు కూడా చూసిపెట్టింది. అత్తమ్మ, "మీకెప్పుడు వీలైతే అప్పుడే పోదం. నాదేముంది?" అంది.

నాదేముంది! మన ఆడవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు వస్తుందో ఎవరైనా లెక్కపెట్టారా?

అత్తమ్మకు రెండేళ్ల కిందట నీటికాసుల జబ్బు బయటపడింది. గ్లకోమా అంటారే, అది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. శుక్లాలలాగా ఆపరేషన్ చేసి తీసేస్తే మళ్లీ చూపు వచ్చేది కాదు. పోయింది పోయినట్టే. మిగిలిన చూపును కాపాడుకోవడానికే ఆ చుక్కల మందు. అంచుల నుంచి మొదలై లోపలికి వస్తుంది కనుక చాలామందికి చాలాకాలం తెలియనే తెలియదు. ఆవిడకూ అంతే. గుమ్మానికి భుజం తగిలించుకుంటుంటే వయసనుకున్నాం.

జూన్‌లో ఒకనాడు పాలప్యాకెట్ల కోసం తెల్లవారుజామునే లేచాను. హాల్లో అత్తమ్మ వీధి తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. ఒక కన్ను అరచేత్తో మూసుకుని, తల కదల్చకుండా తలుపు మధ్య గొళ్లేన్నే చూస్తోంది. తర్వాత చెయ్యి మార్చి రెండో కన్ను మూసుకుంది. నన్ను చూసి దొంగలా నవ్వింది. రోజూ చూసుకుంటుందట. గొళ్లెం మీద చూపు నిలిపితే తలుపు రెండు రెక్కలూ అంచుల దాకా కనిపించాలి. "ఉగాదికి రెండూ కనపడుతుండె. ఇప్పుడు ఎడమ రెక్క అంచు లేదు. కుడిది ఉన్నది" అంది, ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో చెప్పినంత మామూలుగా.

పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపల నిర్ణయం తీసేసుకున్నాను. ఆగస్టు ఆఖరి వారం. అబ్బాయికి వీలైతే వస్తాడు, లేకపోతే లేదు.

కాఫీ దగ్గర చెప్పగానే మా వారు లేచారు. "ఆగస్టులో అక్కడ కుండపోత. మంచు కమ్మేస్తే జలపాతం కాదు, మన చెయ్యి మనకు కనపడదు. ఆరువందల కిలోమీటర్లు వెళ్లి తెల్లటి గోడ చూసి వస్తామా?" ఆయన అన్నది అబద్ధం కాదు. వానాకాలంలో జోగు లోయంతా మంచుతెర కప్పేస్తుంది, గాలి వీచినప్పుడు కాసేపు తొలగి మళ్లీ మూసుకుంటుంది. నేను జవాబు వెతుక్కునేలోపలే అత్తమ్మ అందుకుంది.

"కనపడకుంటే కూసుంటం. అదేమన్న బస్సా, యెళ్లిపోనీకి?"

ఆ మాటతో మా వారు కూర్చున్నారు. సాయంత్రం అబ్బాయికి ఫోను చేసి నేనే చెప్పాను. కాసేపు నసిగాడు. తర్వాత, "కన్ను సంగతి నాకు చెప్పలేదేమమ్మా?" అన్నాడు. నానమ్మ ఎవరికి చెప్పింది గనక!

ఇక ఇప్పుడు అసలు పని. బండి సొంతదే కనుక టాక్సీలకుండే పర్మిట్ల గొడవ లేదు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు చూసుకుంటే చాలు. మా వీధిలో కుర్రాడొకడు నడపడానికి ఒప్పుకున్నాడు. రాయచూరు దాటాక సింధనూరు, గంగావతి మీదుగా హోస్పేట, అట్నుంచి హరిహర, శివమొగ్గ, సాగర. ఏ మ్యాపులోనూ ఉండని సంగతి ఒకటుంది, అది మీకు తెలిసిందే. దారిలో ఆడవాళ్లు దిగడానికి మర్యాదైన బాత్‌రూము ఎక్కడుంది? దీనికి భయపడే అత్తమ్మ ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచీ మంచినీళ్లు మానేస్తుంది. మా వారి పట్టికలో గుళ్లున్న చోట నేను పెట్రోలు బంకులు, హోటళ్లు రాశాను. రెండు గంటలకొకటి. ఫోను చేసి కనుక్కుని మరీ రాశాను. "ఇదేం యాత్రా పట్టిక!" అని ఆయన నవ్వారు. నవ్వనీయండి.

చుక్కల మందు రాత్రి తొమ్మిదింటికి పడాలి, తప్పకూడదు. కొత్త సీసాను చల్లగా ఉంచాలి కనుక ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి పెడతాను. జంబుఖానా, రెండు గొడుగులు, మడత కుర్చీ ఒకటి. జోగు ఎదురుగా కూర్చోవడానికన్నమాట. అడుగుకు దిగే మెట్లు మాకొద్దు. పైనుంచి, కొండకు ఇటువైపు నుంచి చూస్తే చాలు.

తిండి బాధ్యత అత్తమ్మది. పులిహోర వద్దంది, రెండోనాటికి పులుస్తుందట. వాళ్ల రాయచూరు వైపు కడక్ రొట్టె చేస్తారు. జొన్నరొట్టెను కాగితమంత పల్చగా కొట్టి, పెనం మీద కాల్చి, కరకరలాడేదాకా ఆరబెడితే ఎన్ని రోజులైనా చెడదు. పల్లీల పొడి, ఉల్లిపాయ, కాస్త పెరుగు ఉంటే ఇంకేం కావాలి! కంటికి సరిగ్గా కనబడకపోయినా చేతికి అలవాటే కదా, పీట మీద రొట్టె తిప్పుతూ అంచులు వేళ్లతో తడిమి చూసుకుంటుంది. నిన్నటికి వొందు, ఎరడు అనుకుంటూ ముప్పై రెండు లెక్కపెట్టి గుడ్డలో చుట్టింది.

నిన్న సాయంత్రం డ్రైవరు కుర్రాడు వచ్చి, పొద్దున ఎన్నింటికి బయల్దేరాలని అడిగాడు. మా వారు ఆరన్నారు. అత్తమ్మ నాలుగంది. నాలుగున్నరకు ఒప్పందం కుదిరింది.