పుర్రె అడుగు నుంచి పేగుల దాకా

మెదడు సన్నబడి వెన్నుపాములో కలిసే చోటును మెడుల్లా అంటారు. ఊపిరి, గుండె వేగం, రక్తపోటు లాంటి నిద్రలోనూ ఆగకూడని పనులు అక్కడి నుంచే నడుస్తాయి. వేగస్ నాడి పుట్టేది అక్కడే. పన్నెండు జతల కపాల నాడుల్లో ఇది పదోది. మిగతావి చాలావరకు కంటికో, నాలుకకో, ముఖానికో పోయి ఆగిపోతే ఇది మెడ దాటి, రొమ్ము దాటి పొట్టలోకి దిగుతుంది. మన ప్రమేయం లేకుండా లోపలి అవయవాలను నడిపే స్వయంచాలిత నాడీ వ్యవస్థలో రెండు పాయలున్నాయి. భయం వేసినప్పుడు గుండెను పరిగెత్తించేది సింపథెటిక్. తిన్నది అరిగించి ఒంటిని స్థిమితపరిచేది పారాసింపథెటిక్. ఈ రెండో పాయలో సింహభాగం వేగస్‌దే.

పుర్రె అడుగునున్న రంధ్రంలోంచి బయటపడగానే ఒక చిన్న పాయ చెవిలోకి పోతుంది. గులిమి తీస్తుంటే కొందరికి దగ్గు తన్నుకొచ్చేది అందుకే. అసలు ప్రవాహం మెడలో కరోటిడ్ ధమనికీ పెద్ద సిరకూ నడుమ దిగుతుంది. ఇక స్వరపేటికకు వెళ్ళే పాయది వింత దారి. ఎడమవైపున అది గొంతు పక్క నుంచే రొమ్ములోకి దిగి, బృహద్ధమని వంపు కిందుగా చుట్టు తిరిగి, మళ్ళీ పైకెక్కి గొంతు చేరుతుంది. కాబట్టి గొంతు బొంగురుపోవడానికి కారణం ఒక్కోసారి రొమ్ములో ఉంటుంది. వారాలు గడిచినా స్వరం తేరుకోకపోతే మిరియాల పాలతో సరిపెట్టుకోకూడదు.

గుండె దగ్గర ఈ ప్రవాహం కాసేపు నిలిచి చూడదగ్గది. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు వందసార్లు కొట్టుకుంటుంది. దాన్ని డెబ్బై దగ్గరికి దించేది వేగస్. ఎలా దించుతుందో 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో లోవి చూపించాడు. ఒక కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ఉప్పు ద్రావణాన్ని తీసి మరో కప్ప గుండె మీద పోశాడు. నాడితో ఏ సంబంధమూ లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నాడి చివర ఏదో రసాయనం విడుదలవుతోందన్నమాట. అదే ఎసిటైల్‌కోలిన్. 1936లో లోవికి హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ఆ కప్ప గుండెకూ మన పత్తి చేలకూ సంబంధం ఉంది. విడుదలైన ఎసిటైల్‌కోలిన్‌ను వెంటనే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి. ఇక రసాయనం పేరుకుపోతుంది. నోట చొంగ కారుతుంది, కంటిపాపలు చిన్నవైపోతాయి, ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండుతాయి, తరచు గుండె వేగం మందగిస్తుంది. ఆస్పత్రిలో అట్రోపిన్ ఎక్కించేది వేగస్ పట్టు సడలించడానికే. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని గాలికి ఎదురుగా మందు కొట్టే ప్రతి కూలీకీ ఈ సంగతి చెప్పాలి. ఈ విషం చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. ఎవరికైనా ఈ లక్షణాలు కనబడితే తడిసిన బట్టలు విప్పేసి, సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

సూది చూడగానే, లేదా దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడి, కొందరు సొమ్మసిల్లి పడిపోతారు. వేగస్ గుండెను ఒక్కసారిగా నెమ్మదింపజేయడం, అదే సమయంలో రక్తనాళాలు వదులవడం చాలావరకు దీనికి కారణం. పడ్డ మనిషిని చుట్టూ చేరి కూర్చోబెడతారు. అది తప్పు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే మెదడుకు రక్తం అందుతుంది. మూర్ఛ వేరు. అది మెదడులోనే చెలరేగే విద్యుత్తు. చేతిలో తాళాలు పెడితే అది ఆగదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా ఉండాలి. మందులకు లొంగని మూర్ఛకు మెడలోని వేగస్‌ను చిన్న యంత్రంతో ప్రేరేపించే చికిత్సకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఉదరవితానం దాటాక జీర్ణాశయం, కాలేయం, పేగులు వస్తాయి. ఇక్కడ ఒక సంగతి తెలిస్తే ఈ ప్రవాహాన్ని చూసే చూపే మారిపోతుంది. వేగస్ తంతువుల్లో సుమారు 80 శాతం కబుర్లను కిందికి కాదు, పైకి మోస్తాయి. జబ్బు కూడా ఆ దారినే ఎక్కుతుందా? పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో పేరుకునే ప్రోటీన్ మొదట పేగుల్లో పుట్టి, వేగస్ గుండా మెడుల్లాకు చేరవచ్చని 2003లో జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ ప్రతిపాదించాడు. రోగులందరి విషయంలో అది సరిపోదు, వాదన నడుస్తూనే ఉంది. కానీ చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం చాలామందిలో మొదలవుతాయన్నది మాత్రం స్థిరపడిన విషయం.

వేగస్‌ను దెబ్బతీసే జబ్బుల్లో మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది మధుమేహం. ఏళ్ళ తరబడి అదుపు తప్పిన చక్కెర వేగస్‌నూ మిగతా స్వయంచాలిత నాడులనూ తినేస్తుంది. జీర్ణాశయం ఖాళీ కాదు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతాయి. గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. మనం వీటిని గ్యాస్ అంటాం, నీరసం అంటాం, వయసు మీద వేసేస్తాం. పెద్దవాళ్ళు చెప్పుకోవడానికి మొహమాటపడతారు. నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు పై రక్తపోటు 20 గానీ, కింది రక్తపోటు 10 గానీ పడిపోతే అది వైద్యుడు చూడాల్సిన విషయం. మీ అమ్మానాన్నలకు చక్కెర జబ్బుంటే, ఈసారి పరీక్షకు తీసుకెళ్ళినప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని అడగండి.