దరఖాస్తులోని రెండు గడులు

కథోలిక కళాశాలలకు ప్రధానంగా కథోలికుల పిల్లలే వెళతారన్న అభిప్రాయం తెలుగునాట ఎన్నడూ నిజం కాలేదు. 1954లో విజయవాడలో యేసుసభ గురువులు ఆంధ్ర లయోలా కళాశాల తరగతులను ప్రారంభించిన నాటినుండి డెల్టా రైతులు, పట్టణ వర్తకులు, ఉద్యోగులు తమ పిల్లలకు అక్కడ సీటు కోసం ఆరాటపడుతూనే వచ్చారు. 1962లో అదే నగరంలో స్త్రీలకై మారిస్ స్టెల్లా వెలసింది. క్రమశిక్షణ, హాస్టలు, ఇంగ్లీషు: తల్లిదండ్రులు లెక్కించినవి ఈ మూడే. రామేశ్వరంలోని ముస్లిం కుటుంబంలో పుట్టిన అబ్దుల్ కలాం తిరుచిరాపల్లిలో సెయింట్ జోసెఫ్స్‌ను ఎన్నుకొని 1954లో పట్టం పుచ్చుకున్నదీ ఇటువంటి లెక్కలోనే కావచ్చు.

ఇటువంటి కుటుంబాలకు దరఖాస్తులోని ‘మతం’ అన్న గడి నింపడం క్షణం పని. అది బరువైనది వేరొకరికి. ఏ సమాజం పేరిట ఆ కళాశాలకు మైనారిటీ ప్రతిపత్తి లభించిందో ఆ సమాజంలోని దళిత కుటుంబాలకు.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు నెలకొల్పుకొని నిర్వహించుకునే హక్కునిచ్చింది. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కేసులో (అది కథోలిక కళాశాల కాదు, ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందినది) 1991 డిసెంబరులో సుప్రీంకోర్టు తమ వర్గంవారికి సగం వరకు సీట్లు కేటాయించుకోవచ్చునని తీర్పు చెప్పింది. ఆ సగం పరిమితిని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు సడలించింది. మరోవంక 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ జాబితాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది గాని క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970నుండి వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గం. షెడ్యూల్డు కులాలకు పదిహేను శాతం, ఈ వర్గానికి ఒక శాతం.

1995 వేసవిలో కృష్ణా డెల్టాలోని ఒక పల్లెనుండి ఇంటర్మీడియట్ ముగించిన ఒక బాలికకు ఈ అంకెలన్నీ ఒకే కాగితంమీద ఎదురైనాయి. ఆమె తండ్రి వ్యవసాయ కూలీ. కుటుంబం మూడు తరాలుగా కథోలికులు. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి నడిచివెళ్ళేవారు. విచారణ గురువుల వద్దనున్న పుస్తకంలో ఆమె జ్ఞానస్నానం నమోదై ఉంది. మండల రెవెన్యూ కార్యాలయపు దస్త్రాలలో మాత్రం ఆ ఇంటివారు హిందువులు. ఆ ధ్రువపత్రంతోనే ఆమె అన్న గుమాస్తా ఉద్యోగం సంపాదించాడు. 1993లో వచ్చిన చట్టం తప్పుడు కుల ధ్రువపత్రానికి శిక్ష విధించింది కూడా. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చదివి ఉండరు. అయినా దాని భయం మాత్రం వీధి వీధికీ తెలుసు.

కళాశాల కథోలిక విద్యార్థినులకు ప్రాధాన్యమిస్తుంది, జ్ఞానస్నాన పత్రం జతపరచాలి. సాంఘిక సంక్షేమ శాఖ ఉపకారవేతనానికి మరొక పత్రం జతపరచాలి. ఒకదానినొకటి కాదనే ఆ రెండు పత్రాలూ ఒక పిల్లవే. దీన్ని కపటమనడం కార్యాలయంలో కూర్చున్నవారికి సులభం. పల్లెలో అంటరానితనం మాత్రం గుడి మారినందువల్ల పోలేదు. చెరువుగట్టు అదే, కూలిరేటు అదే.

“ఏం రాయమంటావు నాయనా?” అని ఆమె అడిగింది.

తండ్రి ఆ రాత్రి జవాబు చెప్పలేదు. మరునాడు కొడుకు పనిచేసే ఊరికి వెళ్ళి వచ్చాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఉత్తరాలు నడిచాయి. ప్రభుత్వ మహిళా కళాశాలలో చేరితే ఏ గడితోనూ పేచీ ఉండదని అన్న సూచించాడు. ఆమె దానికి ఒప్పుకోలేదు. ఆమె కోరినది రసాయనశాస్త్రం, అంతకంటె హాస్టలు. ఇంటినుండి రోజూ రానుపోను మూడు గంటల బస్సు ప్రయాణంతో చదువు సాగదని ఆమెకు తెలుసు.

చివరకు మతం గడిలో ‘రోమన్ కథోలిక’ అనీ, కులం గడిలో ‘బి.సి.–సి’ అనీ రాసింది. విచారణ గురువులు జాబిచ్చారు, సీటు వచ్చింది. హాస్టలు రుసుం వాయిదాలలో కట్టే ఏర్పాటు జరిగింది. తల్లి రెండు గేదెలలో ఒకదాన్ని అమ్మింది.

చేరిన రోజున అన్న బస్‌స్టాండు దాకా వచ్చాడు. పెట్టె రిక్షాలో పెట్టి, డబ్బు చేతికిచ్చి, కళాశాల గేటు వరకు రాకుండానే అక్కడినుండి వెనుదిరిగాడు.