చివర్లో ఒక ఎక్స్

సీఎస్ఈలో సీటు వచ్చిన రోజు నుంచి మా చుట్టాల దృష్టిలో నేను కంప్యూటర్ మెకానిక్‌ని. పెద్దమ్మ వాళ్ళ టీవీలో యూట్యూబ్ రాకపోయినా, పక్కింటి అంకుల్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా "మన అమ్ములు ఉందిగా" అంటారు. మేం చదివేది అది కాదు, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అని చెప్పి చూశాను. "అదేనమ్మా, ఆపరేటింగే కదా, చెయ్యి మరి" అన్నాడు మా బాబాయ్. మీలో సగం మందికి ఈ బాధ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను.

ఒక్క నాన్న మాత్రం నన్నెప్పుడూ ఏ రిపేరూ అడగలేదు. అందుకే రెండో శనివారం ఇంటికెళ్ళినప్పుడు "అమ్ములూ, షాపులో వర్డ్ తెరుచుకోవట్లేదే, ఓసారి చూస్తావా?" అనగానే నాకు భలే ఉత్సాహం వచ్చింది. ఓఎస్ ఇంటర్నల్‌లో 30కి 28 వచ్చి అప్పటికి వారమే అయింది. ఆ వేడి ఇంకా దిగలేదు.

మా నాన్నది మండలాఫీసు ఎదురుగా చిన్న జిరాక్స్ షాపు. జిరాక్స్ అన్నది బోర్డు మీదే, అసలు పని అర్జీలు టైపు చెయ్యడం. సోమవారం గ్రీవెన్సు ఉంటుంది కాబట్టి ఆ రోజు పొద్దున్నే ఊళ్ళ నుంచి జనం వస్తారు. అర్జీకి నలభై రూపాయలు. వారం మొత్తం మీద వచ్చేదాంట్లో పెద్ద వాటా ఆ ఒక్క పూటదే. కంప్యూటర్ 2010లో కొన్నది. విండోస్ 7, 32 బిట్, 2 జీబీ ర్యామ్, అందులో ఆఫీస్ 2003. కొన్నప్పటికే ఆ ఆఫీస్ పాతది. దాన్ని వేసిన కుర్రాడు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియదు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి చూశాను. 2003 అని కనబడగానే నాకు నవ్వొచ్చింది. నాకంటే పెద్దది. "నాన్నా, ఇది మ్యూజియంలో పెట్టాలి. తీసేసి కొత్తది వేస్తాను, ఫ్రీగా వస్తుంది, లిబ్రే ఆఫీస్ అని" అన్నాను. నాన్న ఒక్క క్షణం ఆగి "నీ ఇష్టమే" అని టీ తాగడానికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేసరికి పాత ఆఫీస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేశాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

చదువుతున్న మీకు తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం రాత్రికి గాని అర్థం కాలేదు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైలు డబుల్ క్లిక్ చేస్తే, ఈ ప్యాకేజీ మీ ప్రాసెసర్ రకానికి పనికిరాదు అంది. సరే, నేను తెచ్చింది 64 బిట్‌ది, నాదే పొరపాటు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే 2025 ఆగస్టులో వచ్చిన 25.8 నుంచి లిబ్రే ఆఫీస్ విండోస్ 7ని వదిలేసిందని తెలిసింది. పాత వెర్షన్లు ఆర్కైవ్‌లో అలాగే ఉంచుతారు, అక్కడి నుంచి ఏడో వరసలోది, 32 బిట్‌ది దింపాను. అదీ ఎక్కలేదు. విండోస్ 7 ఏదో కావాలి అని ఒక పెట్టె వచ్చి ఆగిపోయింది. మాది విండోస్ 7 యే కదా! మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. నాకు కోపం వచ్చింది. కంప్యూటర్‌కి కళ్ళు లేవా అనుకున్నాను.

ఇక అక్కడి నుంచి నేను చేసినవన్నీ చెప్తే మా ల్యాబ్ మేడమ్ చదివి బాధపడతారు. రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపాను. కంపాటిబిలిటీ మోడ్ పెట్టాను. టెంప్ ఫోల్డర్ ఖాళీ చేశాను. ఫైలు పాడైందేమో అని మళ్ళీ దింపాను, రోజుకి రెండు జీబీ డేటా అయిపోయింది, అమ్మ ఫోన్ తీసుకున్నాను. హిందీలో, ఇంగ్లీషులో, వెనకాల డీజే మ్యూజిక్‌తో పాటు ఓ ఇరవై వీడియోలు చూశాను. ప్రతి వీడియోలోనూ వాడికి ఎక్కేస్తుంది, నాకు ఎక్కదు. రాత్రి తొమ్మిదయింది. పాత ఆఫీసే మళ్ళీ వేద్దామంటే దాని సీడీ లేదు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. నాన్న ఫైళ్ళన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, రేపటికి అది వాడుకుందాం. పదిహేనేళ్ళ మోడల్ అర్జీలు: పింఛను, రేషన్ కార్డు, అడంగల్‌లో పేరు తప్పు, సరిహద్దు తగాదా. ఒకటి తెరిచాను. తెలుగు లేదు. స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు, ఎవరో బూతులు తిట్టినప్పుడు కామిక్స్‌లో వేసినట్టు.

ఇది నాకు క్లాసులో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. యూనికోడ్‌లో తెలుగుకి 0C00 నుంచి 0C7F దాకా సొంత గదులున్నాయి, మన ఫోన్లలో రాసేదంతా ఆ గదుల్లోదే. నాన్న వాడే అను ఫాంట్లు ఆ పద్ధతివి కావు. వాటిలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్న మిషన్‌లో అర్జీ, లేని మిషన్‌లో చెత్త. నాన్న తెలుగు టైపు లోయర్ పాసై, ఆ తర్వాత ఈ ఫాంట్ల కీబోర్డు మీద వేళ్ళు తిప్పడం నేర్చుకున్నాడు. ఆయన చూడకుండా కొడతాడు. నేను ఫోన్‌లో "vinnapam" అని కొట్టి వచ్చినవాట్లో ఒకటి ఎంచుకుంటాను.

"పోన్లే, పడుకో" అన్నాడు నాన్న. కింది సొరుగులోంచి లాంగ్ సైజు తెల్లకాగితాలు, కార్బన్ పేపర్లు తీసి సంచీలో పెట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే బావుండేది.

సోమవారం కాలేజీకి సెలవు పెట్టాను. ఏడున్నరకే షాపు ముందు జనం. నాన్న బల్ల మీద ఒక పక్క కూర్చుని రాస్తుంటే, రెండో పక్క నేను కూర్చున్నాను. ఆయన పైకి చెప్తున్నాడు, నేను రాయాలి. "మండల తహసీల్దారు వారి సముఖమునకు. అయ్యా. నేను పై గ్రామ కాపురస్తుడను." కాపురస్తుడను. నా పెన్ను ఆగిపోయింది. స కింద త ఒత్తా, థ ఒత్తా? ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. నా చేతిరాత మూడో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న తాతగారు కాగితంలోకి తొంగిచూసి "పాపది ఇంగ్లీషు మీడియమా?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. నాన్న నవ్వి "కంప్యూటర్ ఇంజినీరింగండీ" అన్నాడు. ఆ గర్వం విన్నాక నాకు బల్ల కింద దూరాలనిపించింది.

(త ఒత్తేనట. ఈ వ్యాసంలో మిగతా ఒత్తులు మన ఎడిటర్ అక్క దయ.)

తర్వాత ఒకాయన వచ్చాడు. రైతు డబ్బులు అందరికీ పడ్డాయట, ఆయనకి పడలేదట. "గట్టిగా రాయండి, కలెక్టరు గారి పేరున రాయండి" అంటున్నాడు. నేనైతే వెంటనే రాసేసేదాన్ని. నాన్న పెన్ను పక్కన పెట్టాడు.

"అంతకుముందు పడ్డాయా?"

"పడ్డాయండి. ఈసారే పడలేదు."

"అప్పటికీ ఇప్పటికీ మధ్యలో ఏం మారింది? పొలం? పేరు? ఫోను?"

"ఏం మారలేదండి."

"కొత్తగా ఎక్కడైనా వేలిముద్ర వేశావా? కొత్త ఖాతా?"

ఆయన కాసేపు ఆలోచించి, భార్య గొలుసు తాకట్టు పెట్టడానికి ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచానన్నాడు. ఆధార్ మీద వచ్చే డబ్బు, చివరిగా ఏ ఖాతాకి ఆధార్ జత చేస్తే అందులోకే వెళ్తుందని నాన్న ఆయనకి చెప్పాడు. "అర్జీ వద్దు. ముందెళ్ళి ఆ కొత్త పాసుబుక్కు ప్రింటు వేయించుకో. అందులో లేకపోతే అప్పుడు రా." ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. నలభై రూపాయలూ వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నానికి ఇద్దరం కలిసి పదకొండు అర్జీలు రాశాం. మామూలు సోమవారం ముప్ఫై దాకా అవుతాయట. ఏడో అర్జీ దగ్గర్నుంచి నాన్న ప్రతి నాలుగు లైన్లకీ కుడిచెయ్యి విదుల్చుకోవడం చూశాను. కొందరు కాసేపు నిలబడి, ఎదర ఉన్న ఇంకో షాపుకి వెళ్ళిపోయారు.

అన్నం క్యారేజీ విప్పుతున్నప్పుడు అడిగాను. "నాన్నా, అసలు మొదట ఏమైంది? వర్డ్ తెరుచుకోలేదన్నావు కదా, మొత్తానికే తెరుచుకోలేదా?"

"లేదే, అన్నీ తెరుచుకునేవి. హైస్కూలు మాస్టారు ఒక ఫైలు పంపించారు, అదొక్కటే తెరుచుకోలేదు."

ఆ ఫైలు చూశాను. పేరు చివర డాక్ కాదు, డాక్స్. ఆ ఎక్స్ రకం ఫైళ్ళు ఆఫీస్ 2007తో వచ్చాయి, 2003కి వాటిని చదవడం రాదు. మాస్టారిని పాత రకంగా సేవ్ చేసి పంపమని ఒక్క మెసేజ్ పెడితే పోయేది. అర నిమిషం పని.

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా. పాతదైపోయింది, మార్చేయాలి అన్నావు. చదువుకున్నదానివి, నిజమే అనుకున్నా."

ఆ ముద్ద మింగడానికి నాకు చాలాసేపు పట్టింది.

తిన్నాక మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఈసారి వీడియోలు తెరవలేదు. ఇన్‌స్టాలర్ నడిపి, వచ్చిన పెట్టెలోని ఇంగ్లీషుని, పొద్దున్న తెలుగు రాసినట్టే, అక్షరం అక్షరం చదివాను. విండోస్ 7 కావాలని కాదు అందులో ఉన్నది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 గానీ ఆ పైది గానీ కావాలని ఉంది. ఆదివారం దాన్ని నలభైసార్లు చూసి ఉంటాను. 7 దగ్గరే ఆగిపోయి, చివర ఉన్న ముక్క ఒక్కసారి కూడా చదవలేదు. సర్వీస్ ప్యాక్ 1 వచ్చింది 2011లో, మా కంప్యూటర్ అంతకు ముందుది. అప్‌డేట్లు పెడితే నెట్ అయిపోతుందని ఆ కుర్రాడు అప్‌డేట్ సర్వీసునే ఆపేసి వెళ్ళాడట.

ఇక మిగతాది వరసగా జరిగిపోయింది, కానీ వరస పెద్దదే. సర్వీస్ ప్యాక్ ఫైలు ఐదొందల ఎంబీ పైనే, అది ఎక్కడానికి సీ డ్రైవ్‌లో నాలుగు జీబీ ఖాళీ కావాలి. డెస్క్‌టాప్ నిండా ఉన్న స్కాన్లన్నీ డీ డ్రైవ్‌కి మార్చాను. గంటన్నర, రెండు రీస్టార్టులు. తర్వాత లిబ్రే ఆఫీస్ చివరిదాకా ఎక్కింది. నేను చప్పట్లు కొట్టేలోపే, ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని మొదలయ్యే డీఎల్ఎల్ ఫైలు ఏదో లేదని, తెరుచుకోకుండా ఆగింది. ఇక్కడ వీడియోల వాళ్ళు ఆ ఒక్క ఫైలూ ఏదో సైట్ నుంచి దింపి ఫోల్డర్‌లో పడెయ్యమంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ ఫైలు ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. అది యూనివర్సల్ సీ రన్‌టైమ్ అనే దాంట్లో ముక్క, విండోస్ 7కి కేబీ2999226 అనే అప్‌డేట్‌గా ఇచ్చారు. అది దింపి నొక్కితే 0x80070422 అంది. వెతికితే, సర్వీసు ఆపేసి ఉందని దాని అర్థం. ఆ కుర్రాడే! సర్వీసుల జాబితాలో విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్డ్ నుంచి మాన్యువల్‌కి మార్చాను. ఎక్కింది. రైటర్ తెరుచుకుంది. సాయంత్రం నాలుగున్నర.

నాన్న వచ్చి పింఛను అర్జీ తెరిచాడు. ఫాంట్లు మిషన్‌లోనే ఉన్నాయి కాబట్టి తెలుగు తెలుగులానే కనబడింది. రెండు లైన్లు కొట్టి "ఇదేంటే, నేను కొట్టింది ఒకటి, పడేది ఒకటి" అన్నాడు. చూస్తే, వాక్యం మొదటి అక్షరాన్ని అది దానంతటదే పెద్దక్షరం చేసేస్తోంది. ఇంగ్లీషుకి ఉపకారమే. నాన్న ఫాంటులో చిన్నక్షరం ఒక తెలుగు బొమ్మ, పెద్దక్షరం ఇంకో బొమ్మ. ఆటోకరెక్ట్ మొత్తం తీసేశాను. తీసేముందు "ఇది తీసెయ్యనా నాన్నా?" అని అడిగాను. ఆయన నా మొహం చూసి నవ్వాడు.

ఇంకోటి మిగిలింది. పాత వర్డ్‌లో ఒక పేజీలో సరిపోయిన అర్జీ ఇందులో రెండు లైన్లు కిందికి జారింది. "అర్జీ ఒక పేజీ దాటకూడదమ్మా, రెండో పేజీ ఎవరూ తిప్పరు" అని నాన్న మార్జిన్లు సర్దుకుంటూ కూర్చున్నాడు. అలాంటివి ఆ ఫోల్డర్‌లో రెండొందలు దాకా ఉన్నాయి. నాకు ఆరింటికి బస్సు.

మొన్న బుధవారం హాస్టల్‌కి ఫోన్ చేశాడు. "అమ్ములూ, ఇంకో ఫైలు తెరుచుకోవట్లేదే."

"దాని పేరు చివర ఏముంది నాన్నా?" అన్నాను.

"ఉండు, కళ్ళజోడు పెట్టుకుని చెప్తా."