ముందు మిత్తి తెగాలె

జగిత్యాల టవర్ సర్కిల్‌కు కాస్త ఎడంగా, మెట్లెక్కి పోతే వచ్చే చిన్న గది ఆయన ఆఫీసు. బల్ల మీద తెలుగు బైబిలు, క్యాలిక్యులేటరు, లెక్కలు రాసే పొడుగు పుస్తకం. గోడ మీద ఏ కంపెనీ పోస్టరూ లేదు. ఒకప్పుడు ఆయన బీమా ఏజెంటు. ఇప్పుడు పాలసీలు అమ్మడు, మ్యూచువల్ ఫండ్లు అమ్మడు, చిట్టీలు నడపడు. వచ్చినవారి ఇంటి జమాఖర్చు రాయించి, ఏం చేయాలో చెప్పి, చెప్పినందుకు ఫీజు తీసుకుంటాడు. క్రైస్తవుడు. తన విశ్వాసమే ఈ వ్యాపారానికి నియమం అంటాడు. పేరు రాయొద్దన్నాడు కనుక రాయడం లేదు. అప్పుల్లో మునిగిన ఇళ్ల దగ్గర ఆ నియమం ఎట్లా నిలబడుతుందో చూడాలని ఆయన వెంట కోరుట్ల, సిరిసిల్ల కూడా తిరిగాను.

“కమీషన్ పాపమని నేను అనను. కానీ కమీషన్ తీసుకునేటోడు ‘నీకు ఇది అక్కర లేదు’ అని చెప్పుడు శాన కష్టం సార్. నాకు ఆ మాట చెప్పే స్వేచ్ఛ కావాలె” అన్నాడు. మన చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. సెబీ 2013లో తెచ్చిన పెట్టుబడి సలహాదారుల నిబంధనల ప్రకారం రిజిస్టరైన సలహాదారు పరీక్షలు పాసవ్వాలి, తన లాభం కన్నా క్లయింటు మేలు ముందు చూడాలి, సలహా చెప్పిన మనిషికే పథకాలు అమ్మి కమీషన్ తీసుకోకూడదు. ఆయన పరీక్షలు రాసి, రిజిస్టర్ చేయించుకుని మరీ ఈ గది తెరిచాడు.

జగిత్యాల నుంచి నిజామాబాద్ వెళ్లే రోడ్డు మీదే కోరుట్ల. ఈ పట్టణంలో, పక్కనున్న మెట్‌పల్లిలో మనిషి గల్ఫ్ పోని వాడకట్టు కనబడదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతబడ్డాక చెరకు మీద ఆశ కూడా పోయింది. బీడీలు చుట్టే ఒక అక్క ఇంటికి వెళ్లాం. చేటలో తునికాకు, తంబాకు. భర్త దుబాయ్‌లో ఉన్నాడు. పోవడానికి సేటు దగ్గర తెచ్చిన అప్పు రెండు లక్షలు, నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి. చుట్టాల్లో ఒక ఏజెంటు ఏడాదికి పాతిక వేలు కట్టే పాలసీ తీసుకొమ్మని వెంటబడుతున్నాడట. “మంచిదేనా అన్నా?” అని ఆమె అడిగింది.

ఆయన పుస్తకం తెరిచి లెక్క వేసి చూపించాడు. నెలకు మిత్తి 6,000. ఏడాదికి 72,000. రెండేళ్ల కాంట్రాక్టు అయిపోయేసరికి మిత్తే 1,44,000, అసలు రెండు లక్షలు అట్లనే ఉంటది. “అక్కా, ఆరు శాతం ఇచ్చేదాంట్ల పైసలు పెట్టి ముప్పై ఆరు శాతం మిత్తి కట్టుడు ఏం లెక్క? ముందు మిత్తి తెగాలె.” బీరువాలో నాలుగు తులాల బంగారం ఉంది. దాన్ని బ్యాంకులో కుదువబెడితే మిత్తి నూటికి రూపాయి లోపే పడుతుంది. సేటు అప్పు ఒక్క దెబ్బకు తీర్చి, బ్యాంకుకు నెలనెలా కట్టుకోవచ్చు. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. ఆ బంగారం పెళ్లికి పెట్టిన సొమ్ము. ఆయన తొందరపెట్టలేదు. లెక్క రాసిన కాగితం చింపి చేతికిచ్చి, భర్తతో ఫోన్‌లో మాట్లాడి చెప్పమన్నాడు.

తర్వాత బీమా గురించి అడిగాడు. వీసా మీద కూలికి గల్ఫ్ పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 10 లక్షలు. బ్యాంకు ఖాతా ఉంటే ఆమె ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా తీసుకోవచ్చు. వీటిలో దేని మీదా ఆయనకు పైసా రాదు. పాత ఏజెంటు రోజుల్లో ఇవి ఎవరికీ చెప్పలేదని, ఆ సంగతి తనను ఇప్పటికీ బాధపెడుతుందని అన్నాడు.

దారిలో బైబిలులోని నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం గురించి మాట్లాడాడు. కరువులో, రాజు పన్ను కట్టలేక, యెరూషలేము జనం పొలాలు, ద్రాక్షతోటలు కుదువబెట్టారు. పిల్లల్ని దాస్యానికిచ్చారు. అప్పిచ్చిన పెద్దలు పరాయివాళ్లు కాదు, సొంతవాళ్లే. అక్కడి అధికారి నెహెమ్యా వాళ్లను నిలబెట్టి పొలాలు తిరిగిప్పించాడు, వసూలు చేసుకున్న నూరో వంతునూ వాపసు ఇప్పించాడు. దాన్ని నెలకు నూటికి ఒకటి అని చెప్పే పండితులున్నారు. మన ఊళ్లో నూటికి రూపాయంటే ధర్మమిత్తి కింద లెక్క! అధికారిగా తనకు రావలసిన భత్యం కూడా నెహెమ్యా పన్నెండేళ్లు ముట్టలేదు. సలహా చెప్పేవాడికి ఇంతకన్న పాఠం వేరే అక్కర లేదని ఈయన నమ్మకం.

విశ్వాసం అప్పుల లెక్కల్లోకి రావడం కొత్త కాదు. జర్మనీలో ఊరి మేయరుగా పనిచేసిన ఫ్రెడ్రిక్ రైఫైసన్ భక్తిపరుడైన క్రైస్తవుడు. వడ్డీ వ్యాపారుల చేతిలో రైతులు చితికిపోవడం చూసి 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పరపతి సంఘం పెట్టాడు. ఒక సంఘం ఒక ఊరికే పరిమితం, సభ్యులే ఒకరికొకరు పూచీ, నడిపేవారికి జీతం లేదు. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడ్రిక్ నికల్సన్‌ను పంపి ఆ సంఘాలను అధ్యయనం చేయించింది. 1904 సహకార పరపతి చట్టానికి అదే బాట. ఈ రోజు ఊళ్లో రైతు ఎరువుల కోసం నిలబడే సొసైటీ మూలం అక్కడుంది. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1996లో జాన్ కర్క్‌బీ మొదలుపెట్టిన సంస్థ ఈనాటికీ చర్చిల ద్వారా అప్పులవాళ్లకు ఉచితంగా సలహా చెబుతుంది. మదుపు కన్నా ముందు అప్పు అనే ఆలోచనలో జగిత్యాల గది వాళ్లకే దగ్గర.

ఆయనకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న సొంత చర్చి సంఘంలోంచే వచ్చింది. దశమభాగం. అప్పులో ఉన్న మనిషి పదో వంతు ముందు చర్చికివ్వాలా, ముందు అప్పు కట్టాలా? “అప్పు తెచ్చిన పైసలు నీవి కావు. నీవి కానివి దేవునికి ఎట్ల ఇస్తవ్?” అని ఆయన జవాబు. దీనికి ఒకరిద్దరు పాస్టర్లు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆయన మాటే న్యాయంగా తోచింది. దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఇవ్వడాన్ని పేదలకు నేర్పినవాడే. ఆ పల్లె సంఘాల్లో ఆడవాళ్లు వంటకు బియ్యం పోసుకునేటప్పుడు ఒక పిడికెడు పక్కకు తీసి చర్చికి తెచ్చేవారు. అది ఇంట్లో ఉన్నదాంట్లోంచి తీసిన పిడికెడు. సేటు దగ్గర మిత్తికి తెచ్చింది కాదు.

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాం. ఊళ్లోకి రాకముందే సాంచల (మరమగ్గాల) మోత. ఇక్కడ పని మూడు అంచెలు: నూలిచ్చే యజమాని, సాంచలు పెట్టుకున్న ఆసామి, వాటి మీద నేసే కార్మికుడు. ఆర్డరుంటే అందరికీ కూలి, లేకుంటే అందరికీ అప్పు. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు చేతినిండా పని దొరికింది, తర్వాత అది తగ్గినప్పుడు పాత కథ మళ్లీ మొదలైంది. అప్పుల బాధతో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఈ ఊరి నుంచి ఎన్ని చదివామో! ఇక్కడ ఆయన దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది పద్మశాలీలు, మార్కండేయుని భక్తులు. వాళ్ల దగ్గర బైబిలు మాట ఎత్తడు. ఫీజు కూడా తీసుకోడు. జగిత్యాల డాక్టర్లు, టీచర్లు, వ్యాపారులు ఇచ్చే ఫీజు మీదే ఈ పని నడుస్తుంది.

ఒక ఆసామి వాకిట్లో కూర్చుని కిస్తీలన్నీ ఒకచోట రాయించాడు. ఫైనాన్సు, గ్రూపు లోను, చేబదులు. గ్రూపు లోన్ల వంటి సూక్ష్మరుణాల వేధింపుల వల్లే 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమం, ఇలాంటి ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని. ఈ ఇంట్లో సగం ఎప్పుడో దాటింది. “ఆర్డరున్న నెల కూలిల కొంత తీసి ఆర్డర్ లేని నెలకు పెట్టుర్రి” అన్నాడు. కార్మికులకైతే పొదుపు పథకం ఉంది. కూలిలో 8 శాతం కడితే ప్రభుత్వం అంతే కలుపుతుంది. చేరినవాళ్లు మధ్యలో వదలొద్దని చెప్పాడు.

ఇంత మంచి పని వ్యాపారంగా నిలబడుతుందా? నా సందేహం అదే. పాలసీ కాగితం చేతికొస్తే పాతిక వేలిచ్చే మనిషి ఉత్త మాటకు వెయ్యి ఇవ్వడానికి వెనకాడతాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరు చేత ఒక్క ప్రకటన చేయించుకుంటే క్లయింట్లు వరస కడతారు. ఆయన ఒప్పుకోలేదు. సంఘంలో నమ్మకం ఎక్కువ, ప్రశ్న తక్కువ. అక్కడ అమ్మకం మొదలైతే ఆగదు. ఆ నిగ్రహం వల్ల ఆయన ఆదాయం తగ్గింది. అందుకే ఆయన సలహాను నేను నమ్ముతున్నాను.

పాస్టర్లకు, మసీదు పెద్దలకు, గుడి కమిటీలకు నా మనవి ఒక్కటే: మీ వేదిక మీదికి ఏ స్కీమునూ ఎక్కనివ్వకండి. పాఠకులకు ఇంకొకటి: సలహా చెప్పే మనిషిని, ఎంత భక్తిపరుడైనా సరే, “మీకు డబ్బు ఎవరిస్తారు?” అని అడగండి. మదుపు సలహా అయితే సెబీ వెబ్‌సైటులో రిజిస్టరైన సలహాదారుల జాబితా ఉంది. సంతకం పెట్టేముందు ఆ పేరు అందులో ఉందో లేదో చూసుకోండి.