వర్ధంతినాటి మొక్క

విద్యాలయమున చెట్లు అలంకారముకొఱకే యని కొందఱు తలంతురు. అవి చదువులో భాగమని నా నమ్మకము. పశ్చిమ బెంగాలునందలి శాంతినికేతనమే ఇందుకు తార్కాణము.

1863లో దేవేంద్రనాథ ఠాకూరు ఆ భూమిని గైకొన్నప్పుడు అది వానలకు కోసికొనిపోవు ఎఱ్ఱని బీడునేల. ఆయన కుమారుడు రవీంద్రుడు 1901లో అచట పాఠశాలను స్థాపించెను. 1921లో విశ్వభారతి విశ్వవిద్యాలయము వెలసెను. చెట్ల నీడలే తరగతి గదులయ్యెను. 1928లో రవీంద్రుడు వృక్షారోపణోత్సవమును ప్రారంభించెను. లేతమొక్కను అలంకరించిన పల్లకిలో నుంచి, ఆటపాటలతో తెచ్చి నాటుదురు. 1941లో ఆ మహాకవి దివంగతుడయ్యెను. నేడు ఆ పండుగ ఆయన వర్ధంతినాడే జరుగుచున్నది. మహనీయుని స్మరించుటకు ఇంతకన్న మంచి మార్గము నాకు తోచదు.

బాలలారా! పండుగ ఒక్కనాటితో ముగియును. మొక్క దప్పి ముగియదు. వేసవిలో నీరు పోయువారు లేనిచో పల్లకి ఎక్కిన మొక్కయు ఎండిపోవును. మీ పాఠశాలలో మీరు నాటిన మొక్క నీడనిచ్చు నాటికి మీరచట నుండకపోవచ్చును. ఆ నీడలో మీ తమ్ములును చెల్లెండ్రును కూర్చుండి చదువుకొందురు. వారికొఱకు నేడొక కడవ నీరు మోయుడు.